వెయ్యి చెవులకు ఎంత?

సీతాఫల్‌మండిల మా గది
పట్టాలకు ముప్పై అడుగుల దూరం.
ఫ్యాను బంద్ చేసి, కిటికీకి రెండు బొంతలు కట్టి,
బీరువా తలుపులు బార్ల తెరిచి
చీరల నడుమ మైకు పెడితే
గొంతు మెత్తగ పడుతది.
ఎంఎంటీఎస్ వచ్చినప్పుడల్ల
మాట ఆపి చెమట తుడుసుకుంటం.

లిఫ్టు నడిపినోళ్ళు, తాళంచెవులు కోసేటోళ్ళు,
గాజుల కొలిమి కాడ చూపు మసకైనోళ్ళు –
గొంతులు ఏరుకొచ్చి
శుక్రారం శుక్రారం ఒదులుతం.
రవూఫ్ వాళ్ళ అబ్బా వారాసిగూడల బట్ట కత్తిరిస్తడు,
వీడు మాట కత్తిరిస్తడు.
ఇద్దరిదీ ఒకటే పట్టుదల:
అతుకు కనబడొద్దు.

మొన్న మంగళారం ఫోనొచ్చింది.
శామీర్‌పేట దిక్కు ప్లాట్లమ్మే కంపెనీ.
"మీ కథలు మా సార్ కార్ల వింటరు మేడం,
రేట్ కార్డు పంపుండ్రి."

మా దగ్గర రేషన్ కార్డుంది.
రాత్రంత కూసొని
రెండోది తయారుచేసినం.

వినేటోళ్ళు పద్దెనిమిది వందల నలభై.
అందుల నలభై మంది మా చుట్టాలు,
తీసేద్దామన్న నేను.
"చుట్టాలకు చెవులుండవా?" అన్నడు రవూఫ్.
వెయ్యి చెవులకు ఎంత?
జతకా, ఒక్కోదానికా?
వింటనే నిద్రబోయినోని చెవికి సగం పట్టాల్నా?
మొదట్ల పదిహేను సెకన్లు అగ్గువ,
ఆఖర్న ఇంకా అగ్గువ,
అప్పటికే కుక్కరు కూతేస్తది, దిగే స్టేషనొస్తది.
నడుమనే పిరం.
"బిర్యానీల ముక్క అడుగునుంటది,
దీంట్ల నడుమ ఉంటది" అని
వాడు ఆరువేలు రాసిండు.
నేను కొట్టేసి నాలుగన్న.
వాడు నా దిక్కు చూసిండు.
మళ్ళ ఆరు రాసిన,
నా చేతిరాతల అది
ఎందుకో సున్నా లెక్క కనబడ్డది.

ఈ శుక్రారం కథ మోండా మార్కెట్‌ది.
నిమ్మకాయల బాలనర్సమ్మ, యాభై రెండు నిమిషాలు.
ముప్పై ఒకటో నిమిషంల
ఆమె చెల్లె ఊసు తీసిన.
పక్కన కొత్తిమీర పెట్టుకొని కూసునేదంట అండాలు.
ఆమె బస్త పరిచిన జాగ
ఇప్పటికీ ఖాళీగనే ఉంచింది.
"రోజుకు రెండొందలిస్తమన్నరు బిడ్డా, ఆ జాగకు..."
అని ఆగింది.
పదకొండు సెకన్లు.
వెనక ఎవరో బేరమాడుతున్నరు,
పావురాలు రేకుల మీద నడుస్తున్నయి.
రవూఫ్ తెర మీద
అలలన్నీ పడిపోయి ఒక సన్న గీత,
రమారమి నడుమ.

వాడు బాణం గుర్తు ఆ గీత మీద పెట్టిండు.
తీసిండు.
నేను నీళ్ళు తాగొచ్చిన.

పొద్దుగాల్నే బండేసుకొని మోండాకు పోయిన.
మచ్చలున్న కాయలు ఏరి పక్కకేస్తున్నది బాలనర్సమ్మ.
నడుమ ఒక ప్రకటనొస్తదమ్మా అన్న,
ప్లాట్లోళ్ళది, ముప్పై సెకన్లు.
ఆమె చెయ్యి ఆగలే.
"ఎంతిస్తరు?"
ఆరువేలడుగుతున్నం.
"అందుల నాకెంత?"

రాత్రంత గీసిన గళ్ళల్ల
మైకు కిస్తీ ఉంది, ఇంటర్నెట్ ఉంది,
రవూఫ్ చాయ్ కూడా ఉంది.
ఆమె పేరు మీద గడే లేదు.

సగం, అన్న తల దించుకొని.
"సగమిస్తే నువ్వేం బతుకుతవు? రెండువేలియ్యి.
మున్సిపాలిటోళ్ళను తిట్టినకాడ పెట్టు దాన్ని,
నా తిట్టు జర మునుగుతది."
చెల్లె ముచ్చట ఆమె ఎత్తలే, నేనూ ఎత్తలే.
కుప్పలకెల్లి ఒక కాయ దొర్లి
ఖాళీ జాగల పడ్డది.
ఒంగి తీసి, కొంగుతోని తుడిచి,
మళ్ళ కుప్పల వేసింది.
"ధర చెప్పినంక నోరు మూసుకో బిడ్డా.
మళ్ళ నోరు తెరిచినోడే తగ్గుతడు."

మధ్యాహ్నం ఫోన్ చేసిన.
ఎనిమిది వేలు, అన్న.
"అయ్యో మేడం, మూడింటికి రేడియోల వస్తది."
నోరు మూసుకున్న.
ఒకటి. రెండు.
బీరువాల కలరా ఉండల వాసన.
రవూఫ్ గోరు కొరుకుతున్నడు.
ఏడు. ఎనిమిది.
దూరంగ పట్టాలు మోగుడు మొదలైంది.

"మేడం? లైన్ల ఉన్నరా?"